సేమియా తిన్నాం, సంగతి అడగలేదు

"మా కాలంలో అందరూ అన్నదమ్ముల్లా కలిసి ఉండేవాళ్ళం" అని ఎవరైనా మొదలుపెడితే నాకు సగం సంతోషం, సగం చిరాకు. కలిసి ఉన్న మాట నిజమే. చిత్తూరు మిట్టూరులో మా ఇంటికి ఒక పక్క బెల్లం మండీ గుమాస్తా గారి ఇల్లు, ఇంకో పక్క తమిళ అయ్యర్ గారి ఇల్లు. రంజాన్‌కు మా వంటింటి నుంచి రెండిళ్ళకూ సేమియా వెళ్ళేది. ఉగాదికి గుమాస్తా గారింటి నుంచి ఓళిగలు వచ్చేవి. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని గుప్పెడు చక్కెరో, నాలుగు తమలపాకులో వేసి ఇచ్చేవారు. అంతా బాగుంది. కానీ ఏళ్ళ తరబడి మా సేమియా తిన్న గుమాస్తా గారి భార్య, పాపం చాలా మంచి మనిషి, ఒక్కనాడూ "ఈ పండుగ ఎందుకమ్మా?" అని అడగలేదు. మేమూ చెప్పలేదు. రంజాన్, బక్రీద్, పీర్ల పండుగ అన్నీ ఆమెకు ఒకటే, "సాయిబుల పండుగ". మా అమ్మ కూడా నవ్వి ఊరుకునేదే తప్ప విడమరిచేది కాదు.

మాకు మాత్రం వాళ్ళ కథలన్నీ తెలుసు. తెలుగు వాచకంలో రాముడున్నాడు, ప్రహ్లాదుడున్నాడు, గజేంద్రుడున్నాడు. నరకాసురుణ్ణి ఎవరు చంపారో, ఎందుకు చంపారో నాకు అయిదో తరగతికే కంఠతా వచ్చు. రోజా, అంటే ఉపవాసం, ఎందుకు ఉంటారో తెలిసిన హిందూ పిల్లలు మాత్రం మా తరగతిలో ఒక్కరూ లేరు. అది వాళ్ళ తప్పు కాదు. ఎవరి మర్యాద వాళ్ళు పాటిస్తే ఇరుగుపొరుగుతనం దానంతట అదే సాగిపోతుంది. దానికి తెలుసుకోవడంతో పెద్దగా పని లేదు.

అలా సాగిపోతున్నదాన్ని కదిలించింది మా నాయన. ఆయన మునిసిపల్ హైస్కూల్లో తెలుగు పండితుడు.

మేము నూర్‌బాషాలం. ఊళ్ళో దూదేకుల వాళ్ళు అంటారు. మా అబ్బ, అంటే నాయన తండ్రి, చలికాలం వస్తే విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరిగి పరుపులకు, దిండ్లకు దూది ఏకేవాడు. మా ఇంట్లో తాతల కాలం నుంచీ మాట తెలుగే. నమాజులో చదివే సూరాలు అరబీలో వచ్చు, ఉర్దూ మాత్రం అంగట్లో బేరమాడటానికి కూడా చాలదు. దీనితో నాయనకు రెండు వైపులా సంజాయిషీలే. పెళ్ళిళ్ళలో ఉర్దూ మాట్లాడే బంధువర్గం "మీరు అసలు ముసల్మానులేనా?" అన్నట్టు చూసేది. బడిలో కొత్తగా చేరిన ఉపాధ్యాయులు "సాయిబు గారు ఛందస్సు చెబుతారట!" అని ఆశ్చర్యపోయేవారు. జీవితమంతా ఎవరికో ఒకరికి తన గురించి చెప్పుకుంటూ వచ్చినవాడు కాబట్టే కాబోలు, పిల్లలు ప్రశ్న అడిగితే ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆ ప్రశ్న 1999 డిసెంబరులో వచ్చింది. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. తొమ్మిదో తరగతిలో నేనూ ఉన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, మాకు సంక్రాంతి ఎప్పుడూ జనవరిలోనే వస్తుంది. మీ పండుగ ఏటా ముందుకు ఎందుకు జరుగుతుంది? మీకు క్యాలెండరు లేదా?" అన్నాడు. తరగతి గొల్లుమంది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. నాయన మాత్రం సంధులు చెబుతున్న పుస్తకం మూసేసి, స్టాఫ్ రూములోంచి పంచాంగం తెమ్మని ఒకణ్ణి పంపాడు.

అది ప్రమాది నామ సంవత్సరం పంచాంగం. నాయన నల్లబల్ల మీద రెండు అంకెలు వేశాడు, 365, 354. "చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెట్టుకుంటే పన్నెండు నెలలకు 354 రోజులే వస్తాయి. సూర్యుడి సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. మీ చైత్రం, వైశాఖం కూడా చంద్రుడి నెలలే. మరి ఉగాది మెల్లగా జరిగి జరిగి దీపావళి నాటికి ఎందుకు పోదు?" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఎవరూ పలకలేదు. పంచాంగం తెరిచి చూపించాడు. ఆ ఏడాది జ్యేష్ఠం రెండుసార్లు ఉంది, అధిక జ్యేష్ఠం, నిజ జ్యేష్ఠం. సుమారు ముప్పై రెండు నెలలకొకసారి ఇలా ఒక నెల అదనంగా చేర్చి ఆ తేడాను సరిచేస్తారని, అధిక మాసం వచ్చిన ఏడు తిరుమలలో రెండు బ్రహ్మోత్సవాలు జరిగేది అందుకేనని చెప్పాడు. "మేము ఆ నెలను చేర్చం. అందుకని రంజాన్ ఎండాకాలంలోకి, వానాకాలంలోకి, చలికాలంలోకి తిరుగుతూ ఉంటుంది. ముప్పై మూడేళ్ళకు ఒక చుట్టు పూర్తవుతుంది. బీదవాడైనా గొప్పవాడైనా, ఏ దేశంలో ఉన్నవాడైనా, బతుకులో ఒకసారి మండుటెండలో రోజా ఉండాలి, ఒకసారి చలిలో ఉండాలి. వచ్చే ఏడు తమాషా చూడండి. 2000లో రంజాన్ పండుగ జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, రెండుసార్లు వస్తుంది."

తరగతిలో నవ్వు ఆగిపోయింది. ప్రశ్న వేసినవాడే మళ్ళీ లేచి, "అయితే మా అధిక మాసం, మీ రెండు పండుగలు ఒకే లెక్క నుంచి వచ్చాయి కదా సార్!" అన్నాడు. నేను ఇప్పుడు తిరుపతిలో ఒక కళాశాలలో లెక్కలు చెబుతున్నాను. ఆ మాటకు సాటివచ్చే సమాధానం నా తరగతి గదిలో తక్కువే విన్నాను.

అక్కడితో ఆగిపోవలసింది. కానీ మరునాడు పిల్లలు ఇంకో నాలుగు ప్రశ్నలతో వచ్చారు. హెడ్మాస్టరు గారు మంచి హుషారైన మనిషి. "శనివారం మధ్యాహ్నం డ్రాయింగ్ క్లాసు ఎలాగూ ఖాళీ. అదేదో అందరికీ కలిపి చెప్పండి పండితులు గారూ" అన్నారు. నాయన ఒప్పుకుని ఇంటికి వచ్చి కూర్చుని ఆలోచనలో పడ్డాడు. "నేనొక్కణ్ణే చెబితే ముస్లింలంటే నాలాంటి వాళ్ళే అనుకుంటారు. అది అబద్ధం అవుతుంది" అన్నాడు అమ్మతో.

అందుకని ఆయన ఇద్దరిని పిలుచుకొచ్చాడు. ఒకరు ఉర్దూ పాఠశాలలో పనిచేసే టీచరు. మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. బురఖా వేసుకునేది, కళ్ళద్దాలు ముక్కు చివర ఉండేవి, ఎవరితోనైనా ముక్కుసూటిగా మాట్లాడేది. ఇంకొకరు రావుత్తర్ మామ. వాళ్ళది తోళ్ళ వ్యాపారం. వాణియంబాడి, ఆంబూరు తోళ్ళ కర్మాగారాలకు సరుకు పంపేవారు. వాళ్ళ ఇంట్లో భాష తమిళం. ముగ్గురు ముసల్మానులు, మూడు ఇంటి భాషలు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే ముగ్గురికీ కలిసింది తెలుగే.

ఆ శనివారం డ్రాయింగ్ గదిలో బల్లలు గోడకు జరిపి వస్తువులు పెట్టారు. ఖాలా తన జానమాజు (నమాజు చాప), తస్బీహు (జపమాల), సుర్మాదానీ (సుర్మా కాటుక బరిణె), అత్తరు సీసాలు, ఇంట్లోని రేహల్ తెచ్చింది. ఆ రేహల్‌ను పిల్లలు వదిలిపెట్టలేదు. ఖురాన్ గ్రంథాన్ని నేల మీద పెట్టకుండా దాని మీద ఉంచి చదువుతారు. మడిస్తే ఒకటే చెక్క పలక, విప్పితే కత్తెరలా విచ్చుకుని నిలబడే పీట. మేకు లేదు, జిగురు లేదు, అతుకు లేదు. ఒకే చెక్కను మధ్యకు చీల్చి, వేళ్ళలో వేళ్ళు చొప్పించినట్టు చెక్కిన కీలు. వడ్రంగి కొడుకు ఒకడు మా తరగతిలో ఉండేవాడు. వాడు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, ఆ కీలు సందులో గోరు పెట్టి, "దీన్ని రెండు ముక్కలు చేయకుండా ఎలా కోశారు టీచర్?" అని గంటసేపు అక్కడే నిలబడ్డాడు. ఖాలాకు సమాధానం తెలియదు. "మా మామగారు సహారన్‌పూర్ నుంచి తెచ్చారు నాయనా, చేసినవాణ్ణి అడగాలి" అంది. తర్వాత వాడు వాళ్ళ నాన్నతో వేపచెక్క మీద ప్రయత్నం చేయించాడని విన్నాను. చెక్క చీలిపోయిందట.

నాయన అటక మీది నుంచి అబ్బ విల్లు దింపి తెచ్చాడు. నిలబెడితే మనిషంత ఎత్తు. నరంతో చేసిన తాడు. దాన్ని దూదిలోకి దించి, గుండ్రటి తలలున్న చెక్క సుత్తితో తాడు మీద కొడితే టంయ్ మని మోగి, గడ్డకట్టిన పాత దూది విడివిడి పోగులై గాలిలోకి లేస్తుంది. అప్పటికే ఊళ్ళో యంత్రాలు వచ్చాయి, ఫోము పరుపులు వచ్చాయి, ఆ శబ్దం వీధుల్లో వినిపించడం మానేసింది. నాయన పంచె ఎగగట్టి కూర్చుని విల్లు వాయించాడు. అవును, వాయించాడనే అనాలి, అబ్బ దాని మీద తాళం వేసేవాడు. గదంతా దూదిపోగులు. అందరికీ తుమ్ములు. నిన్నటి దాకా ఛందస్సు చెప్పిన మనిషి దూది ఏకుతుంటే నేను ఎవరి ముఖమూ చూడలేక కిటికీ వైపు తిరిగాను. ఆయనకు మాత్రం ఏ సంకోచమూ లేదు. "మా నాన్న చేసిన పని ఇది. ఈ ఊళ్ళో మీ తాతలు నిద్రపోయిన పరుపుల్లో సగం ఆయన ఏకినవే" అన్నాడు.

రావుత్తర్ మామ తెచ్చింది ఒకే ఒక్క పుస్తకం. వాళ్ళ నానమ్మదట. అంచులు పురుగు కొట్టి, కాగితం పసుపెక్కి ఉంది. పిల్లలు చుట్టూ మూగారు. కుడి నుంచి ఎడమకు, చుక్కలతో, వంపులతో అరబీ అక్షరాలు. "ఖురానా మామా?" అని ఒకరు అడిగారు. ఆయన నవ్వి చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికే అయ్యర్ గారి అబ్బాయి కళ్ళు పెద్దవి చేశాడు. మూడో వాక్యానికి తమిళం మాట్లాడే పిల్లలందరూ పకపకా నవ్వేశారు. అది తమిళం! అక్షరం అరబీది, మాట తమిళానిది. తమిళ ముస్లింలు కొన్ని వందల ఏళ్ళుగా ఇలా రాసుకున్నారు. అరబీలో లేని తమిళ ధ్వనుల కోసం అదనపు అక్షరాలు కూడా కల్పించుకున్నారు. దాన్ని అరబుత్తమిళం అంటారు. మామ నానమ్మకు తమిళ లిపి రాదు, ఇంటి లెక్కలు, ఉత్తరాలు అన్నీ ఈ లిపిలోనే. ఆ పుస్తకంలో ఉన్నది ఆడపిల్లలకు చెప్పే బుద్ధులు, అత్తగారింట్లో ఎలా నడుచుకోవాలో అనే సంగతులు. "ఈ ముక్క మా అవ్వ కూడా చెబుతుంది" అని అయ్యర్ గారి అబ్బాయి ప్రకటించాడు. ఉర్దూ టీచరు ఖాలాకు ఆ అక్షరాలన్నీ వచ్చు, అర్థం ఒక్క ముక్క తెలియదు. అయ్యర్ గారి అబ్బాయికి అర్థం తెలుసు, ఒక్క అక్షరం రాదు. ఆమె కూడబలుక్కుని చదివితే వాడు తెలుగులో చెప్పాడు. నాయన అలా చూస్తూ నిలబడిపోయాడు.

మామ నాగూరు దర్గా గురించి కూడా చెప్పారు. అక్కడి అయిదు మినార్లలో అన్నింటికన్నా ఎత్తైనదాన్ని కట్టించింది తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాప్‌సింగ్. అది 131 అడుగుల ఎత్తు. మాకు దగ్గరి చరిత్ర కావాలంటే నాయన హైదర్ అలీ పేరు ఎత్తేవాడు. మైసూరు నవాబు బ్రిటిషువారితో యుద్ధం నడుస్తుండగానే, 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులో కన్నుమూశాడు. చిత్తూరులో పుట్టి పెరిగి కూడా అప్పటిదాకా ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

ఒక తండ్రి బడికి వచ్చి గొడవపడ్డాడు. "మా వాడికి నమాజు నేర్పిస్తున్నారా?" అని. హెడ్మాస్టరు గారు కాస్త తడబడ్డారు. నాయన తడబడలేదు. ఒక కాగితం రాసి గోడకు అంటించాడు. ఇష్టమున్నవాళ్ళే రావాలి, ఇంట్లో చెప్పి సంతకం తేవాలి. ఇక్కడ ప్రార్థన నేర్పరు. ఏ మతం గొప్పదో చర్చించరు. ఏ ప్రశ్న అయినా అడగవచ్చు, ఎగతాళిగా అడిగినా సరే. ఆ తండ్రి కాగితం రెండుసార్లు చదువుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ అబ్బాయి రావడం మానలేదు.

రెండో వైపు నుంచి కూడా అభ్యంతరం వచ్చింది. పిల్లలకు మసీదు చూపిద్దామని నాయన అడిగితే అక్కడి పెద్దల్లో ఒకాయన, "ఉర్దూ చదవడం రాని మనిషి మసీదు గురించి ఏం చెబుతాడు?" అన్నాడట. ఖాలా అక్కడే బయట నిలబడి ఉంది. "నాకు ఉర్దూ వచ్చు, అరబీ వచ్చు. నేను చెబుతాను, లోపలికి రానిస్తారా?" అంది. ఆయన ఏమీ అనలేకపోయాడు. చివరికి సాయంత్రపు అసర్ నమాజుకూ పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకూ మధ్య ఖాళీ సమయంలో రావచ్చని, ఆడపిల్లలు కూడా రావచ్చని ఒప్పుకున్నారు. ఖాలాతో వాదన ఎందుకని ఒప్పుకున్నారనే నా అనుమానం.

పిల్లలు చెప్పులు విడిచి, హౌజు, అంటే నీళ్ళ తొట్టి, దగ్గర కాళ్ళు కడుక్కుని, గుడికి వెళ్ళినట్టే చేతులు జోడించి లోపలికి నడిచారు. నాలుగు వైపులా చూశారు. తెల్లటి గోడలు, గడియారం, నమాజు వేళలు రాసిన పలక, వరుసగా పరిచిన చాపలు. ఒక పాప నెమ్మదిగా అడిగింది: "సార్, దేవుడు ఎక్కడ?" పడమటి గోడలోని గూటిని చూసి "అందులో ఉన్నాడా?" అంది. "అందులో ఏమీ లేదమ్మా. అది దిక్కు చూపే గుర్తు. అందరూ ఒకే వైపు తిరగడానికి" అన్నాడు నాయన. సైన్సు పరికరాల పెట్టెలోంచి దిక్సూచి తెచ్చుకున్న ఒకడు నేల మీద పెట్టి చూసి, "సార్, ఇది సరిగ్గా పడమర కాదు, కొంచెం ఉత్తరానికి ఉంది" అన్నాడు. మక్కా మన చిత్తూరుకు పడమరే అయినా కొంచెం ఉత్తరానికి ఉంటుంది. మసీదు కట్టినవాళ్ళు ఆ లెక్క చూసుకునే కట్టారు. అక్కడే నిలబడి ఉన్న ఆ పెద్దాయన, ఎన్నో ఏళ్ళుగా అక్కడే నమాజు చేస్తున్న మనిషి, వంగి ఆ దిక్సూచి ముల్లును చూశాడు. ఆ తర్వాత పిల్లలకు హౌజులో చేపలు చూపించింది ఆయనే.

మా తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "ఇక్కడ ఆడవాళ్ళు నమాజు ఎందుకు చేయరు?" మగవాళ్ళందరూ గొంతు సవరించుకున్నారు. ఖాలా ఆ అమ్మాయి వైపు తిరిగి, "మక్కాలో కాబా చుట్టూ ఆడా మగా అందరూ కలిసే తిరుగుతారు. ఇక్కడ చోటు లేదంటారు. ఆ జవాబు నాకూ చాలదు. నువ్వు అడిగావు కదా, అడుగుతూనే ఉండు" అంది. పెద్దవాళ్ళు పిల్లలతో అలా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

ఇక గంజి. మా వైపు రంజాన్ నెలంతా సాయంత్రం మసీదులో గంజి కాస్తారు. అరవనాడు పక్కనే ఉండటం వల్ల వచ్చిన అలవాటు. బియ్యపు నూక, పెసరపప్పు, గుప్పెడు మెంతులు, అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయలు, పుదీనా, కొత్తిమీర, కొంచెం ఖీమా, దించే ముందు కొబ్బరిపాలు. పగలంతా పస్తున్న కడుపుకు మొదట పడవలసింది అదే. చలువ చేస్తుంది, జీర్ణం అవుతుంది, ఆకలి ఆగుతుంది. ఆ రోజు పిల్లలకూ పోస్తామన్నారు. మా వీధి వాళ్ళను కూడా నాయన పిలిచాడు. సమస్య ఖీమా. అయ్యర్ గారి ఇల్లు ఉంది, శనివారం నీచు ముట్టనివాళ్ళు ఉన్నారు. "ఖీమా తీసేసి పోస్తే సరిపోతుందిలే" అన్నాడు వంట చేసే ఆయన. అమ్మకు కోపం వచ్చింది. కొత్త డేక్షా, కొత్త గరిటె తెప్పించి, ఇంటి పెరట్లో విడిగా కాచింది. కాస్తున్నంతసేపూ అయ్యర్ గారి భార్యను పక్కనే కూర్చోబెట్టుకుంది. "మీరే చూడండి, మీరే ఉప్పు వేయండి. తర్వాత అనుమానం ఉండకూడదు." ఆవిడ మొహమాటపడుతూనే కూర్చుని, కాసేపటికి "మెంతులు ఇంతెందుకు?" అని వాదన మొదలుపెట్టింది. మెంతులు తగ్గించారు. ఆరు గంటలు కావస్తుంటే మసీదు సైరను మోగింది. ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసుల్లో గంజి ఊదుకుంటూ తాగారు అందరూ. మా అమ్మ కాచిన డేక్షా ముందు ఖాళీ అయింది. మసీదు గంజి కంటే అదే రుచిగా ఉందని రావుత్తర్ మామ తమిళంలో రహస్యంగా అన్నారు. అయ్యర్ గారి భార్య విని, "ఉప్పు నేనే వేశాను" అని బిగ్గరగా చెప్పింది.

గుమాస్తా గారి భార్య ఆ సాయంత్రమే మొదటిసారి అడిగింది. "నీళ్ళు కూడా తాగరా? ఉమ్మి మింగవచ్చా? ముసలివాళ్ళు? బాలింతలు?" అమ్మ ఒక్కొక్కటే చెప్పింది. జబ్బుపడినవాళ్ళు, ప్రయాణంలో ఉన్నవాళ్ళు తర్వాత ఎప్పుడైనా ఆ రోజులు తీర్చుకోవచ్చని, పొదుపు చేసిన సొమ్ములో నూటికి రెండున్నర జకాతుగా బీదవాళ్ళకు ఇవ్వాలని, పండుగ నమాజుకు ముందే ఇంట్లో తలకింత చొప్పున ఫిత్రా ఇచ్చేయాలని, లేకపోతే పండుగ పూట బీదవాడి పొయ్యి వెలగదని. ఆవిడ అంతా విని, "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. "మీరు అడగలేదు" అంది అమ్మ. "అడిగితే ఏమనుకుంటారోనని." "మేమూ అలాగే అనుకున్నాం."

మరుసటి డిసెంబరు రంజాన్‌లో మళ్ళీ శనివారం సభలు పెట్టారు. ఈసారి మా ముగ్గురు పెద్దల మధ్యే పేచీ వచ్చింది. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు రంజాన్ కంటే పీర్ల పండుగే బాగా తెలుసు. వాళ్ళ ఊళ్ళలో హిందువులే మొక్కుకుంటారు, పీర్లకు దట్టీలు కడతారు, చక్కెర చదివింపులు ఇస్తారు, గుండం చుట్టూ తిరుగుతారు. నాయన ఉత్సాహంగా మొదలుపెట్టాడు. క్రీస్తుశకం 680లో ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్ కర్బలా మైదానంలో అమరుడైన సంగతి, మొహర్రం పదో రోజు, మా అబ్బ పీరు ఎత్తుకుని నడిచిన సంగతి. అరచేయి ఆకారంలోని లోహపు పంజాకు పట్టుగుడ్డలు చుట్టి, పూలదండలు వేస్తే కర్ర బరువెక్కి, ఎత్తినవాడి మెడ నరాలు పొంగుతాయట. ఖాలా మధ్యలో అందుకుంది. "మొహర్రం దుఃఖం మాకూ ఉంది. కానీ పీర్లు నిలబెట్టడం, మొక్కడం మతంలో లేదు. పిల్లలకు అది కూడా చెప్పండి." "మా తాతలు చేశారు" అన్నాడు నాయన. "తాతలు చేసిందంతా మతం కాదు." గది నిశ్శబ్దం. రావుత్తర్ మామ "మా వైపు అయితే దర్గాల్లో కందూరి ఉత్సవం" అని సర్దబోయి ఇద్దరి చూపులూ చూసి ఆగిపోయారు. ఒక పల్లెటూరి అబ్బాయి లేచి, "మా ఊళ్ళో పీర్లను ఎత్తేది మా పెదనాన్నే సార్, మేము బోయవాళ్ళం. మరి ఆపేయమంటారా?" అన్నాడు. ఖాలా నవ్వాపుకోలేకపోయింది. "మీ పెదనాన్నకు చెప్పడానికి నేనెవరిని!"

నాయన ఆ రాత్రి ఇంట్లో చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారం పిల్లల ముందు, "ముస్లింలు అందరూ ఒకేలా ఉండరు, ఒకేలా అనుకోరు. పోయిన వారం మీరు చూసింది అదే" అని మళ్ళీ మొదలుపెట్టాడు. నా దృష్టిలో ఆ సభలన్నింటిలో పనికొచ్చిన రోజు అదే. వస్తువులు ఎక్కడైనా చూడవచ్చు. పెద్దవాళ్ళు తమలో తాము వాదించుకోవడం, వాదించుకుని మళ్ళీ పక్కపక్కన కూర్చోవడం పిల్లలకు ఎవరు చూపిస్తారు?

"మీరు తిరుమల వెళతారా సార్?" అన్న ప్రశ్న ఎప్పుడూ వచ్చేదే. దానికి నాయన దగ్గర తయారుగా ఉండేది. వెంకన్నను వలచిన ముస్లిం యువతిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ కథ చెప్పేవాడు. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వెళ్ళి మొక్కుకుంటారని చెప్పేవాడు. తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనకు వాడే 108 బంగారు పద్మాలు గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు ఇచ్చినవే. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి నాదస్వరంతో దక్షిణాది అంతా మోగించిన షేక్ చిన మౌలానాకు 1977లో పద్మశ్రీ వచ్చింది. ఇన్ని చెప్పి, చివరికి అసలు ప్రశ్నకు "నేను మాత్రం కొండకు మా తరగతిని విహారయాత్రకు తీసుకెళ్ళడానికే వెళ్ళాను. పిల్లలు దర్శనానికి పోతే నేను సంచులు కాపలా కాశాను" అనేవాడు.

తర్వాత ఖాలాకు మదనపల్లె బదిలీ అయింది. రావుత్తర్ మామ కొడుకు దగ్గరికి ఆంబూరు వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు గారు మారారు, కొత్తగా వచ్చినవారికి సిలబసు పూర్తి కావడమే ముఖ్యం. గొడవేమీ జరగలేదు, ఎవరూ ఆపమనలేదు. చేసేవాళ్ళు లేక ఆగిపోయింది, అంతే.

కొన్నేళ్ళుగా తిరుపతిలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో నేను రంజాన్ నెలలో ఒక శనివారం పిల్లలను కూర్చోబెడుతున్నాను. పెద్దవాళ్ళు "బిర్యానీ ఎప్పుడు మేడమ్?" అని అడుగుతారు. ముందు ప్రశ్నలు, తర్వాతే గంజి, బిర్యానీ లేదు అని చెప్పేస్తాను. ఇప్పటి పిల్లలు ఫోనుల్లో ఏవేవో చూసి వస్తారు. సగం ప్రశ్నల్లో వాళ్ళ గొంతు ఉండదు, ఎవరో పెద్దవాళ్ళ కోపం ఉంటుంది. వాటికీ సమాధానం చెబుతాను, నాయన కాగితంలోని షరతు అదే కదా. నాలుగైదు ప్రశ్నలు గడిస్తే వాళ్ళ సొంత ప్రశ్నలు బయటికి వస్తాయి.

పోయినసారి నాయన కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వినికిడి తగ్గింది. మూడో అంతస్తు పాప లేచి, మసీదులో ఆడవాళ్ళు ఎందుకు ఉండరని అడిగింది. నేను నోరు తెరిచేలోగా నాయన, "దానికి ఖాలానే చెప్పాలి, ఫోను చెయ్యి" అన్నాడు. మదనపల్లెకు ఫోను కలిపి స్పీకరు పెట్టాను. ప్రశ్న మళ్ళీ అడిగించుకుని వింది.

"ఎవరమ్మా నువ్వు? మంచి ప్రశ్న. మా వీధి మసీదులో పైఅంతస్తు ఆడవాళ్ళకు ఇచ్చారు, నాలుగేళ్ళయింది. నేను కమిటీ వాళ్ళ ప్రాణం తీసి ఇప్పించాను. ఏం లాభం? మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కలేక ఇంట్లోనే చేసుకుంటున్నా. ఇప్పుడు కింద ఇమ్మని అడుగుతున్నాను."